కళ్లు తిరిగితే ఎండను తిట్టకండి

మిరప కల్లాల్లో పని మొదలైందంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇంటిల్లిపాదికీ తీరిక ఉండదు. కోతలు, ఆరబెట్టడాలు, తాలుకాయలు ఏరడం, టిక్కీలకెత్తి యార్డుకు పంపడం... ఈ హడావుడిలో ఇంటిపెద్ద 'తల పగిలిపోతోందిరా, కళ్లు మసకలు కమ్ముతున్నాయి' అంటే ఏం చేస్తాం? ఎండదెబ్బేమో, మిరప ఘాటుకేమో, పైత్యమేమో అనుకుంటాం. మజ్జిగ తాగించి నీడన పడుకోబెడతాం. చాలాసార్లు అది నిజమే కావచ్చు. ఒక్కోసారి మాత్రం అది బీపీ ప్రమాదస్థాయికి చేరిందనడానికి గుర్తు.

బీపీ పట్నవాసుల జబ్బనుకునే రోజులు పోయాయి. 2003-04లో గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు ఆరా తీస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవల్లేనని తేలింది. చిక్కేమిటంటే, బీపీ మామూలుగా ఏ బాధా పెట్టదు. అందుకే 'నాకేం, దుక్కలా ఉన్నాను' అంటూ మాత్రలు మానేస్తారు. కోతల రోజుల్లో నడుంనొప్పికని వేసుకునే నొప్పిమాత్రలూ బీపీని పెంచుతాయి. ఇక పచ్చళ్ల సంగతి! గోంగూర, పండుమిరప పచ్చళ్లలో కారాన్ని నిందిస్తాం, ఉప్పును వదిలేస్తాం. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించని ఉప్పు చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

ఎప్పుడు పరుగెత్తాలి?

పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటితే కంగారుపడకండి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉండి, వేరే బాధలేమీ లేకపోతే ఆ రోజే డాక్టరును కలవండి. కానీ దాంతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక కాలో చెయ్యో పట్టు తప్పడం, మగతగా మాట్లాడటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బీపీ మిషన్ దొరకలేదని ఆగొద్దు. గర్భిణులకైతే 160/110 చేరినా అత్యవసరమే.

బండి వచ్చేలోగా మనిషిని కదలకుండా ఉంచండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, సోడా పోయకండి. బీపీ గబుక్కున దిగాలని నాలుక కింద మందు పిండటం మరీ ప్రమాదం. ఒక్కసారిగా బీపీ పడిపోతే మెదడుకు రక్తం చాలదు. పక్షవాతమని నూనె మర్దనలకు, నాటుమందులకు తిరగొద్దు. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. వాడుతున్న మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి.

మందులు మానేసేవారికి ఒక పాతకథ చెప్పాలి. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తల వెనక విపరీతమైన నొప్పి అంటూనే కుప్పకూలారు. అప్పుడాయన బీపీ 300/190. మెదడులో రక్తనాళం చిట్లి కొద్ది గంటల్లోనే కన్నుమూశారు. బీపీ ఎక్కువని ఏడాది ముందే డాక్టర్లకు తెలుసు. కానీ తగ్గించే మంచి మందు అప్పటికి లేదు.

ఆనాడు అంతటి అధ్యక్షుడికే దొరకని మాత్ర ఇవాళ మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతోంది. మిరప ధర పెరిగిందో తగ్గిందో రోజూ వాకబు చేస్తాం కదా! నెలకోసారి ఇంట్లో పెద్దల బీపీ ఎంతుందో కూడా అడుగుదాం.