ఆట కొన్నవానికి మరల సుంకమా?

కన్సోల్ అనెడి ఆటయంత్రము నేడు మన ఇండ్లలో వింత వస్తువు కాదు. హోసూరు కర్మాగారములలో పనిచేయు మన యువకులును, దినదినము బెంగుళూరునకు పోయివచ్చు ఉద్యోగులును తమ పిల్లలకై దీనిని కొని తెచ్చుచున్నారు. యంత్రము కొని, ఆట కొని, ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకొన్న పిమ్మట, పిల్లవాడు కుప్పములోని మేనమామ కొడుకుతో కలిసి ఆడబోవగా, చందా కట్టినగాని వీలులేదని తెరమీద కనబడును. ఇది న్యాయమేనా యని కృష్ణగిరి, హోసూరు తల్లిదండ్రులు పలువురు మమ్మడుగుచున్నారు. న్యాయము కాదనియే మా అభిప్రాయము.

ఈ చందా మొదటినుండి అందరును పుచ్చుకొన్నది కాదు. 2002 నవంబరులో మైక్రోసాఫ్టువారు తమ ఎక్స్‌బాక్స్‌కు ఏటికి సుమారు 50 డాలర్ల చొప్పున దీనిని ప్రారంభించిరి. సోనీవారు 2006లో తెచ్చిన ప్లేస్టేషన్ 3లో ఇతరులతో ఆడుట ఉచితము. 2013లో నాలుగవ యంత్రము వచ్చినప్పుడు వారును చందా విధించిరి. నింటెండోవారు 2018 సెప్టెంబరులో ఆ దారినే పట్టిరి. ఒకరు పుచ్చుకొనగా కొనువారు ఊరకుండిరి గనుక తక్కినవారికిని ధైర్యము కలిగినది. బజారులో ఇది మనమెరుగని సంగతి కాదు. అవే ఆటలు అనేకము కంప్యూటరుపై ఆడువారికి మాత్రము ఇట్టి చందా నేటికిని లేదు.

మన దేశమున ప్లేస్టేషన్ 5 యంత్రము 2021 ఫిబ్రవరిలో రూ. 49,990 వెలకు వచ్చినది. నాడు దాని పెద్ద ఆటల వెల రూ. 4,999 వరకు ఉండెను. 2022లో ఏడాది చందా, తక్కువ తరగతిది, రూ. 2,999. కృష్ణగిరి టోల్‌గేటు దాటి తిరుగువారికి ఈ మొత్తము వినగానే మరియొకటి జ్ఞప్తికి రాక మానదు. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు ఫాస్టాగ్ ఏడాది పాసు రూ. 3,000 వెలకు వచ్చినది, దానితో 200 మార్లు గేట్లు దాటవచ్చును. ఆ గేటు మీద మనకెన్ని ఫిర్యాదులున్నను, అచట సుంకము తీసికొనునది రోడ్డు పేరిట. ఇచటనో, రోడ్డువంటిదగు ఇంటర్నెట్టునకు మనము వేరుగా నెలనెల కట్టుచునే యున్నాము. బండి అమ్మినవాడు వచ్చి, ఇంకొకని రోడ్డుమీద గేటు కట్టి, నా బండికి సుంకమిమ్మనినట్లున్నది ఈ వ్యవహారము.

సర్వర్లకు ఖర్చగును గదా యని కంపెనీల పక్షమువారు చెప్పుదురు. అగును. కాని పెక్కు ఆటలలో ఆడువారి యంత్రములలోనే ఒకటి ఆటను నడిపించును. సర్వర్లున్న చోటను అవి తరచుగా ఆటను తయారుచేసిన వేరొక కంపెనీవి. చందా యున్నచో భద్రత కలుగునందురు. 2014 క్రిస్మస్ నాడు దుండగుల దాడికి ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ సేవలు రెండును స్తంభించినవి. 2025 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ సేవ ఇంచుమించు ఒక దినమెల్ల నిలిచిపోగా, చందాదారులకు ఐదు దినములు గడువు పొడిగించిరి. యంత్రమును లాభము లేకయే అమ్ముచున్నాము, చందాతో పూడ్చుకొందుమనుట మరియొక వాదము. మేమును వర్తకులమే. గిట్టుబాటు కాని వెలకు సరకమ్మి, పిదప కొన్నవాని ఇంటికి పోయి తక్కినది వసూలు చేయుట మా అంగళ్లలో చెల్లదు.

దీనికంటె మమ్ము కలవరపెట్టునది వేరొకటి కలదు. ఫోర్ట్‌నైట్ వంటి ఉచితపు ఆటలకు ఈ చందా అక్కరలేదు. 2021 జనవరిలో మైక్రోసాఫ్టువారు చందాను ఇంచుమించు రెట్టింపు చేయబూని, జనుల ఆగ్రహమునకు జడిసి ఆ దినముననే వెనుకకు తీసికొని, ఏప్రిల్‌లో ఉచితపు ఆటలకు చందా తొలగించిరి. మంచిదే. కాని ఆ ఉచితమెట్టిది? ఆటలోని బొమ్మకు చొక్కా, చేతికి కత్తి యని పిల్లలచేత కొనిపించుచు గడించునది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ కంపెనీ యగు ఎపిక్‌వారు, పిల్లల వివరములు సేకరించుటకును, పొరపాటున కొనునట్లు మీటలమర్చుటకును గాను అమెరికా ప్రభుత్వముతో 52 కోట్ల డాలర్లకు పరిష్కారము చేసికొనవలసి వచ్చినది. అనగా రొక్కమిచ్చి ఆట కొన్న పిల్లవానికి గేటు మూసియుండును. జేబు తడుము ఆటకు గేటు తెరచియుండును. చందా కట్టలేని ఇంటి బిడ్డ ఏ వైపునకు పోవునో వేరుగ చెప్పవలెనా?

మనవంటి వారికి ఇందు మరియొక నష్టము గలదు. 2006 నాటి చట్టము వలన బడులలో తమిళము నిర్బంధమైన పిమ్మట మన పిల్లలకు తెలుగు అక్షరములతో పరిచయము సన్నగిల్లినది. బంధువులా, చిత్తూరు, హైదరాబాదు, అమెరికాలలో చెదరియున్నారు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని వారి పిల్లలతో ఆడునప్పుడు మన పిల్లలు గంటలకొలది తెలుగున అరచుచుందురు. అది గొప్ప తెలుగు కాకపోవచ్చును, బూతులును కొన్ని దొర్లును, అయినను తెలుగే. కేవలము మాటలాడుటకు చందా లేదన్న మాట నిజము. కాని ఆట లేక పదమూడేండ్ల కుర్రవాడు అత్త కొడుకుతో ఎంతసేపు ముచ్చటించును?

చందా చట్టవిరుద్ధమని మేమనుట లేదు. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టము పందెపు ఆటలను నిషేధించినదే గాని, వినోదపు ఆటకు చందా పుచ్చుకొనుటను తప్పుపట్టలేదు. నెలనెల కొత్త ఆటలిచ్చుటకో, ఆట జ్ఞాపకములను దాచిపెట్టుటకో చందా పుచ్చుకొనినచో మాకభ్యంతరము లేదు, కోరినవారు కట్టుదురు. కొన్న ఆటను తోటివారితో ఆడుట మాత్రము కొన్న వెలలోనే చేరియుండవలెను.

అంతవరకు యంత్రములమ్ము మన వర్తక సోదరులు ఏడాది చందా ఎంతయో, ఏ ఆటలకు అది అక్కరలేదో, ఒకే తెర ముందు ఇద్దరు కూర్చుండి ఆడదగినవి యేవో బిల్లు వ్రాయుటకు ముందుగనే చెప్పవలెనని కోరుచున్నాము. తల్లిదండ్రులును రాబోవు దీపావళికి కొనునప్పుడు ఈ మూడును అడిగి తెలిసికొని, పిమ్మటనే రొక్కమిచ్చెదరుగాక.