భగీరథులు చాలు, జటాజూటం కావాలి

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఇంకో బోరు వేయాలని తీర్మానం అయిపోయింది. ఉన్న బోరు ఎండిపోయింది కాబట్టి ఈసారి ఇంకా లోతుకు వెళ్ళాలట. "ముందు ఇంకుడు గుంతలో పూడిక తీయిద్దామండీ" అన్నాను. "అవన్నీ తర్వాత చూద్దాం లేమ్మా" అన్నారు. ఆ 'తర్వాత' మీదే నా కోపం.

2019 వేసవిలో మద్రాసు వడపళని నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. బాబాయి సినిమా పని మీద వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. పరిశ్రమ హైదరాబాదు వచ్చేసినా వాళ్ళు రాలేదు. "బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తోముతున్నానే. లారీ ఏ రాత్రి వస్తుందో తెలియక కంటిమీద కునుకు లేదు" అంది. ఆ లారీ దగ్గరే బిందె ఎత్తబోయి నడుం పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. అప్పటికి ఆవిడకి డెబ్బై ఏళ్ళు.

ఆ ఏడు పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం, నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. జూలైలో రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. మొదటి రైల్లో వచ్చినవి 25 లక్షల లీటర్లు.

మద్రాసు ఎడారి అనుకునేరు! ఏడాదికి సగటున 1,400 మిల్లీమీటర్ల వాన పడే ఊరది. మన హైదరాబాదులో పడేది సుమారు 800. అంతకు నాలుగేళ్ళ ముందే, 2015 డిసెంబరులో, అదే మద్రాసు వరదలో మునిగింది. ఆ నీళ్ళన్నీ ఏమయ్యాయి? సముద్రంలో కలిశాయి. పట్టి ఉంచాల్సిన పళ్ళికరణై లాంటి చిత్తడి నేలల్ని చెత్తతోనూ భవనాలతోనూ నింపేశారు మరి.

కొత్త నీళ్ళు వెతకలేదా అంటే, వెతికారు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కలిసి తెలుగుగంగ మొదలుపెట్టారు. మన కృష్ణ నీళ్ళు శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా సుమారు నాలుగు వందల కిలోమీటర్లు నడిచి 1996లో తమిళనాడు చేరాయి. దారిలో సీమ పొలాలూ, నెల్లూరు పొలాలూ తడిశాయి. మంచి పనే, కాదనను. కానీ శ్రీశైలంలో నీళ్ళు లేని ఏడు కాలువలో ఏం పారుతుంది? తర్వాత మీంజూరులో, నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంట్లు పెట్టారు. సముద్రం ఎండదు, నిజమే. కానీ వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. మిగిలిన చిక్కటి ఉప్పునీరు మళ్ళీ సముద్రంలోకే పోవాలి.

మనమేం తక్కువ తినలేదు. 1908 మూసీ వరద తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టుకున్నాం. తర్వాత మంజీరా. 2004లో కృష్ణ. 2015లో గోదావరి. ప్రతిసారీ ఇంకాస్త దూరం. మరి దగ్గరున్నది? మా యూసుఫ్‌గూడలో ఇప్పుడు కృష్ణకాంత్ పార్క్ ఉన్నచోట ఒకప్పుడు పెద్ద చెరువు ఉండేదని ఇక్కడి పాతవాళ్ళు చెబుతారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, మన వాన మన దాహానికి పనికిరాదు!

వంటింటి లెక్కే వేద్దాం. రెండు వేల చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే లక్షన్నర లీటర్లకు దగ్గర. ఆవిరైందీ, పారిపోయిందీ పోగా సగమే దక్కిందనుకోండి, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదిహేను. ఇప్పుడా నీళ్ళు మా గేటు ముందు మోకాలి లోతు నిలిచి, మోరీలో కలుస్తున్నాయి. వేసవిలో మేము డబ్బిచ్చి కొనే ట్యాంకర్ నీళ్ళు కూడా ఎక్కడో ఎవరి బోరులోంచో తోడినవే కదా.

భగీరథుడి కథ మనందరికీ తెలుసు. గంగను దింపింది ఆయనే. కానీ శివుడు జటాజూటంలో పట్టకపోతే భూమి ఏమయ్యేది? మన ఊళ్ళకి భగీరథులు చాలామంది ఉన్నారు. శంకుస్థాపనలకి కొదవ లేదు. పట్టి నిలిపే జట మాత్రం లేదు. చెరువులు, బావులు, ఇంకుడు గుంతలే ఆ జట. గుంతలో పూడిక తీస్తే శిలాఫలకం మీద పేరు పడదు కాబట్టి ఎవరికీ పట్టదు.

నల్లా రానిరోజు తెల్లవారుజామున లేచేది ఎవరు? సంపులోకి తొంగిచూసేది, ట్యాంకర్ వాడికి ఫోన్ చేసేది, పనమ్మాయికి సర్దిచెప్పేది ఎవరు? మనమే. మరి నీళ్ళ గురించి తీర్మానాలు జరిగేటప్పుడు వంటింట్లో టీలు పెడుతూ ఎందుకుంటాం?

వచ్చే ఆదివారం బోరు డబ్బుల వసూలుకి మళ్ళీ మీటింగ్ ఉంది. మా వారితో చెప్పేశాను, గుంత బాగయ్యేదాకా మన వాటా ఇచ్చేది లేదని. ఈసారి టీ ఎవరు పెడతారో పెట్టుకోనీ, నేను ముందు కుర్చీలో కూర్చుంటాను. మీరూ మీ మీటింగ్‌లకి వెళ్ళండి అక్కలూ!