జట్టు ఉంది, జట్టు పోరు లేదు

బయోవేర్ సంస్థ తెచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్’ 2014లో ‘ద గేమ్ అవార్డ్స్’ ఉత్తమ గేమ్‌గా నిలిచింది. అయినా జట్టును నడిపించే ఆటగా అది నిరాశపరిచిందనే నా అభిప్రాయం. ఇదే సిరీస్‌లో 2009 నాటి ‘ఆరిజిన్స్’లో ఏ సహచరుడు ఎప్పుడేం చేయాలో మనమే వరుసగా రాసిపెట్టుకునేవాళ్లం: ఎవరి ప్రాణబలమైనా సగానికి పడిపోతే మాంత్రికురాలు నయం చేయాలి, ఆమె మీదికి శత్రువు వస్తే యోధుడు అటు తిరగాలి. ఆ ఆలోచనలోనే సగం ఆట ఉండేది. ఇంక్విజిషన్ దాన్ని ఏ నైపుణ్యం ముందు వాడాలి, ఏది వద్దు అనే చిన్న పట్టికకు కుదించి, పోరులో ఒక్కొక్కరికీ 8 నైపుణ్యాల వరుసే మిగిల్చింది. ఆ లోటును సేకరణ పనులతో పూడ్చింది. హింటర్‌ల్యాండ్స్ అనే ప్రాంతంలో శరణార్థులు ఆకలితో ఉన్నారంటే పొట్టేళ్లను వేటాడి 10 మాంసం ముక్కలు తెచ్చి ఇస్తాం. యుద్ధం తెచ్చిన అంత ఆకలీ ఆ లెక్కతో తీరిపోతుంది. ఇష్టం లేకపోతే వదిలేయొచ్చు కదా అంటారు. కానీ ప్రధాన కథ ముందుకు సాగడానికి కావలసిన ‘పవర్’ పాయింట్లు చాలావరకు ఇలాంటి పనుల్లోనే దొరుకుతాయి. పాత్రలు బాగున్నాయన్నది మాత్రం నిజం. సహచరుల్లో ఒకడైన డోరియన్ తన తండ్రిని నిలదీసే ఘట్టం చాలా గొప్పగా రాశారు. అయితే ఆ బలమంతా సంభాషణల్లోనే ఉంది, కత్తి దూసిన క్షణంలో ఆ మనుషులెవరూ కనిపించరు.