రెండో భాగం ఎప్పుడు, తాతా?

2025 వేసవి సెలవుల్లో విరుదునగర్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా బస్సు ప్రయాణం, చేతిలో మామూలుగా కడలమిట్టాయి పొట్లం. మనవడు పొట్లం అందుకుని "నీ కాలం సినిమా ఒకటి పెట్టు తాతా" అన్నాడు. 'ఆదిత్య 369' పెట్టమన్నాను.

అది గుర్తుకు రావడానికి కారణం ఉంది. 1991లో వచ్చిన ఆ సినిమాను 2025 ఏప్రిల్ 4న మళ్లీ విడుదల చేశారు. హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు వెళ్లి చూసి, ఆ రాత్రే ఫోన్ చేశాడు. "మామా, తెర మీద మాట రాకముందే హాలంతా చెప్పేస్తోంది!" అన్నాడు. ఆ వెంటనే, "రెండో భాగం తీయకుంటేనే మేలు. ఉన్న పేరు చెడగొడతారేమో" అన్నాడు. ఫోన్ పెట్టేముందు మళ్లీ తనే, "ఎప్పుడు మొదలుపెడతారో ఏమో!" అని నిట్టూర్చాడు. అభిమాని మనసంటే ఇదే కదండీ!

రెండో భాగం మాట ఈనాటిది కాదు. సింగీతం శ్రీనివాసరావు గారు కథ సిద్ధం చేశారని ఏళ్లుగా వింటున్నాం. 2024 డిసెంబరులో బాలకృష్ణ గారు 'ఆదిత్య 999 మ్యాక్స్' అని పేరు చెప్పి, తమ అబ్బాయి మోక్షజ్ఞ నటిస్తాడని ప్రకటించారు కూడా.

నాకూ మేనల్లుడి భయమే ఉంది. ఎందుకంటే ఆ సినిమా నాకు సినిమా ఒక్కటే కాదు. మద్రాసు నుంచి బంధువు ఒకాయన క్యాసెట్ తెస్తే, డెక్కు అద్దెకు తెచ్చి కోవిల్‌పట్టిలో మా వాకిట్లో వేశాం. కాలయంత్రం 1526కు వెళ్లి, కృష్ణదేవరాయల సభ కనబడగానే మా అవ్వ లేచి కూర్చుంది. "ఈయనేరా మన రాయలు! ఈయన దేశం నుంచే మన పెద్దోళ్లు దిగొచ్చినారు" అంది. అవ్వకు అది వింత కథ కాదు, పుట్టింటి కబురు. రెండో భాగం ఎంత బాగా తీసినా, ఆ వాకిలినీ అవ్వనూ తేలేరు కదా!

నిజానికి ఇలాంటి సినిమాలన్నిటికీ ఇదే గతి. 'ఎందిరన్' 2010లో వచ్చింది, '2.0' 2018లో. మన ఊళ్లలో పెద్దవాళ్లు "మొదటిదానిలా లేదు" అని పెదవి విరిచారు. పిల్లలు మాత్రం సెల్‌ఫోన్లు గాలిలో ఎగిరిపోతుంటే నోళ్లు తెరుచుకుని చూశారు. అమెరికాలో 'స్టార్ వార్స్' 1983లో ఆగి, 16 ఏళ్ల తరువాత 1999లో మళ్లీ మొదలైంది. రోజుల తరబడి థియేటర్ల ముందు కాపు కాసిన అభిమానులే, చూశాక తిట్టిపోశారు. అప్పుడు పిల్లలుగా చూసినవాళ్లు ఇవాళ పెద్దవాళ్లయి, అదే సినిమాను వెనకేసుకొస్తున్నారు. ఆలస్యంగా వచ్చే భాగం ఎదురుచూసిన మన కోసం కాదు, అప్పటికి పదేళ్లున్న పిల్లవాడి కోసం వస్తుందన్నమాట.

మన పక్కనే ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఈ పని ఏనాడో చేశారు. తెలుగు నేల నుంచి వలస వచ్చిన మనవాళ్ల కథను 1976లో 'గోపల్ల గ్రామం'గా రాశారు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లోనే సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తరువాతి తరానికి చేరాలని కాబోలు, మన కథను తమిళంలో చెప్పారు.

సరే, విరుదునగర్‌కు వద్దాం. రాయల సభ మాటలకు మనవడు మొదట వాళ్లమ్మను అర్థం అడిగాడు. పది నిమిషాల తరువాత అడగడం మానేసి, తెర కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకోసాగాడు. నా మనసు చివుక్కుమంది. యంత్రం 2504కు చేరింది. వాడు నావైపు తిరిగి తమిళంలో అడిగాడు: "తాతా, 2504లో కూడా అందరూ తెలుగే మాట్లాడుతున్నారే! మన ఇంట్లో నువ్వూ అమ్మా ఇద్దరే కదా మాట్లాడేది?"

నాకు జవాబు తోచలేదు. తప్పు వాడిది కాదు. వాడితో తమిళంలో మాట్లాడటం సులువని అలవాటు చేసుకున్నది మేమే.

సినిమా అయ్యాక "రెండో భాగం ఎప్పుడు, తాతా?" అన్నాడు. "అది వచ్చేలోగా కింద అక్షరాలు చూడకుండా అర్థం చేసుకోవాలి, సరేనా?" అన్నాను. "రోజుకు ఎన్ని మిట్టాయిలు?" అని బేరం పెట్టాడు. రెండుకు ఒప్పందం కుదిరింది.

ఇప్పుడు ఆదివారాలు నేను విరుదునగర్ వెళుతున్నాను. సినిమా సంగతి తీసేవాళ్లు చూసుకుంటారు. మేము మాత్రం 'క' గుణింతం దాకా వచ్చాం.