గోరుచుట్టుపై కత్తిపోటు



“వేలిమీద పొక్కుకు కూడా సెలవు కావలెనా?” అని పరిహసించే అధికారులకు మన సమాధానం ఇది. ప్రతి గోరుచుట్టూ ఒకటి కాదు. చీముపట్టే గోరుచుట్టు వేరు. హెర్పిస్ వైరస్ వల్ల కలిగే గోరుచుట్టు వేరు. ఈ భేదం విచారించకుండా వేలిని కోయడం చికిత్స కాదు, గోరుచుట్టుపై రోకటిపోటు!

హెర్పిస్ సోకిన వేలు మొదట జివ్వుమని మండుతుంది. పిదప ఎర్రబడి వాచి, తేటనీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. కొన్ని రోజులకు ఆ నీరు మసకబారి చీమువలె కనిపిస్తుంది. పొరపాటు జరిగేది ఇక్కడనే. చీముగడ్డలో వేలికొన కండ బిగిసి గట్టిపడుతుంది. హెర్పిస్‌లో నొప్పి ఎంత తీవ్రమైనా కండ సాధారణంగా మెత్తగానే ఉంటుంది. సందేహమున్నచో పొక్కునుండి నమూనా తీసి పి.సి.ఆర్. పరీక్ష చేయవచ్చును. కోసినందువల్ల ప్రయోజనం శూన్యం. పైగా ఆ గాయంలో బాక్టీరియా చేరే ప్రమాదం కలదు. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. వ్యాధి సాధారణంగా రెండు మూడు వారాలలో దానంతటదే తగ్గుతుంది. తొలి రెండు రోజులలోనే ఎసైక్లోవిర్ ప్రారంభిస్తే బాధాకాలం తగ్గవచ్చును. నిజమైన చీముగడ్డను మాత్రం జాగు చేయక కోయవలసిందే. మనం వ్యతిరేకించేది కత్తిని కాదు, పరీక్ష లేని కత్తిని.

ఈ వ్యాధి తపాలా సంచులనుండి రాదు. నోటిపుండును, లాలాజలాన్ని తాకిన చేతికి వస్తుంది. కనుకనే రోగుల నోటిని శుభ్రపరిచే నర్సులు, దంతవైద్య సహాయకులు దీనికి ఎక్కువగా గురియౌతారు. ఆసుపత్రులలో సంక్రమించే వ్యాధిగా దీనిని 1959లోనే లాన్సెట్ పత్రికలో వైద్యులు వర్ణించారు. వైద్యశాలల పనిలో సోకే అంటువ్యాధులను 1923 నాటి నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలు వృత్తి వ్యాధులుగా గుర్తించినది; 2020 సామాజిక భద్రతా స్మృతి కూడా ఆ జాబితాను నిలిపినది. చట్టం అంగీకరించిన దానిని రిజిస్టరులో “వేలిపుండు” అని వ్రాసి చేతులు దులుపుకొనడం ఏ న్యాయం?

పొక్కులున్న నర్సుచేత పని చేయించడం ఆమెకు మాత్రమే హాని కాదు. అదే వైరస్ నవజాత శిశువుకు సోకితే ప్రాణాంతకం కావచ్చును. సెలవు నిరాకరించే అధికారి రోగులనే బలిపెడుతున్నాడు!

మన కోర్కెలు స్పష్టం: కోయుటకు ముందు పరీక్ష, ప్రతి రైల్వే ఆసుపత్రిలోనూ ఎసైక్లోవిర్, సిబ్బందికి చాలినన్ని చేతితొడుగులు, పుండ్లు మానేవరకు రోగుల స్పర్శలేని విధులు లేదా వేతనంతో సెలవు, వృత్తి వ్యాధిగా నమోదు. ఉత్తరాలు వేరుచేసే వేలికైనా, పట్టాలు బిగించే వేలికైనా సక్రమ రోగనిర్ణయం హక్కే. ప్రతి శాఖా ఈ కోర్కెలపై తీర్మానం చేసి యాజమాన్యానికి పంపవలసినదిగా కోరుతున్నాము.

కార్మికుని చేయి యాజమాన్యపు ఆస్తి కాదు. అది అతని జీవనాధారం!