మూడు ముళ్ల మాట సరే, ఈ ఒక్క ముడి సంగతేమిటి?

ముడి అంటే మనకు తెలియనిదేముంది? పెళ్లికి మూడు ముళ్లు, దంపతులకు బ్రహ్మముడి, మొక్కుకి ముడుపు, కోపమొస్తే మొహం ముడి! ఇన్ని ముళ్ల మధ్య పెరిగిన మన చేతికి రెండు బారల తాడిచ్చి, "జారకుండా ఉండే ఉచ్చు ఒకటి వెయ్యవోయ్" అంటే ఎంతమందిమి వెయ్యగలం? పట్టా చేతికి రాబోతున్న వాళ్లం, గోదావరి కృష్ణల మధ్య బతికేవాళ్లం, ఈ ప్రశ్నకు తల దించుకోవలసిందేనా?

నేను చెప్పబోయేది బౌలైన్ ముడి గురించి. నావికుల నోట అది 'బోలిన్'. పూర్వం తెరచాప అంచును ఓడ ముక్కువైపు లాగి పట్టే తాడు పేరే ఈ ముడికీ వచ్చింది. 1627లో కెప్టెన్ జాన్ స్మిత్ అచ్చువేసిన నౌకా గ్రంథంలో దీని ప్రస్తావన ఉంది. 1944లో క్లిఫర్డ్ ఆష్లీ ముళ్ల మీద రాసిన మహాగ్రంథంలో దీని నంబరు 1010. అంటే మొన్న మొన్న పుట్టిన చిట్కా కాదన్నమాట.

దీని గొప్పతనం రెండు మాటల్లో చెప్పొచ్చు. లాగిన కొద్దీ ఉచ్చు బిగుసుకోదు. పని అయ్యాక విప్పబోతే మొరాయించదు. నీళ్లలో మునుగుతున్న మనిషికి జారుముడి వేసిన తాడు విసిరామనుకోండి, మనం లాగుతున్న కొద్దీ అది వాడి రొమ్మును నొక్కేస్తుంది. రక్షించబోయి ఉరి బిగించినట్టే! అదే బౌలైన్ అయితే చంకల కింద వేసుకున్న వలయం ఎంత ఉన్నది అంతే ఉంటుంది. మనిషి ఒడ్డుకొస్తాడు.

వెయ్యడం బ్రహ్మవిద్య కాదు. బరువు పడే పొడుగు తాడు ఎడమచేతిలో ఉంచుకోండి. కొసకు కాస్త ఎడంగా చిన్న మెలిక తిప్పండి. కొస వైపు తాడు పొడుగు తాడుకు పైన పడాలి, ఇది ముఖ్యం. ఇప్పుడు కొసను మెలిక కిందనుంచి పైకి తియ్యండి, పొడుగు తాడు వెనకనుంచి తిప్పండి, మళ్లీ అదే మెలికలోకి దించండి. కొసనూ, దాని పక్క పోగునూ కలిపి పట్టుకుని, పొడుగు తాడును ఎదురు లాగితే ముడి కూర్చుంటుంది. ఇంగ్లీషు పిల్లలకు దీన్ని కథగా చెబుతారు: కుందేలు బొరియలోంచి వచ్చింది, చెట్టు చుట్టూ తిరిగింది, మళ్లీ బొరియలో దూరింది. మెలిక తిరగేసి వేస్తే మాత్రం కుందేలూ ఉండదు, బొరియా ఉండదు. లాగగానే ముడి ఊడిపోతుంది.

దీనికి లోపాలు లేవా? ఉన్నాయి. బరువు లేకుండా ఊగులాడుతుంటే, ముఖ్యంగా నున్నటి నైలాను తాడులో, మెల్లగా వదులవుతుంది. అందుకే కొస జానెడు వదిలి, దానితో పక్క పోగుకు ఇంకో చిన్న ముడి వేయాలి. ఏ ముడైనా తాడు బలాన్ని కొంత తినేస్తుంది, ఇదీ అంతే. తాడు బిర్రుగా లాగి ఉన్నప్పుడు దీన్ని విప్పలేం. కనుక ప్రవాహంలో ఉన్నపళాన వదలాల్సిన పడవను గుంజకు దీనితో కట్టకూడదు. అక్కడ గుంజకు పూర్తి చుట్టు ఒకటి తిప్పి, రెండు సగం ముళ్లు వెయ్యడం మేలు. ఎక్కడ ఏ ముడి వెయ్యాలో తెలియడమే అసలు విద్య.

"లైఫ్ జాకెట్లున్నాయి, ఇంజన్లున్నాయి, ఇంకా తాడు గోలేమిటి?" అనే మిత్రులున్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన లాంచీని ఏ ముడీ ఆపి ఉండేది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ లాంచీని అక్టోబరు 22న పైకి తెచ్చింది ఎవరు? కాకినాడ నుంచి వచ్చిన బృందం, వాళ్ల లంగర్లు, వాళ్ల మోకులు! 2024 సెప్టెంబరు వరదలో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరొచ్చినప్పుడు, పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగిలాయి. కారణాల మీద వాదాలు వాళ్లూ వీళ్లూ చేసుకోనీండి. రేవున ఉండాల్సిన పడవ రేవున ఉండకపోతే ఏమవుతుందో అందరం చూశాం. అదే వరదలో విజయవాడ వీధుల్లో పడవలు తిరిగాయి. అలాంటి రోజున మేడ మీద నిలబడ్డ కుర్రాడి చేతికి తాడు దొరికితే, వాడి బి.ఎస్సీ. ఫిజిక్సులో ఘర్షణ సూత్రం ఎందుకు పనికొస్తుంది, ముడి వెయ్యడం రాకపోతే?

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. ఘర్షణ గురించి నాలుగు పేజీలు రాస్తే మార్కులు. ఆ ఘర్షణనే నమ్ముకుని మనుషుల్ని ఏరు దాటించేవాడికి మన లెక్కలో చదువు రాదు! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. చేతిలో ఉన్న విద్యను విద్యగా చూడని చదువు సగం చదువే. పడవవాళ్ల పిల్లలు వేరే బతుకుదెరువు వెతుక్కుంటున్న కొద్దీ, పుస్తకానికెక్కని ఆ నేర్పు వాళ్లతోనే పోతుంది. ఆ నష్టం వాళ్లది కాదు, మనది.

కనుక మన యూనియన్‌కు నాదొక సూచన. వార్షికోత్సవంలో మ్యూజికల్ చైర్సు ఉండనీండి, దాని పక్కన ముళ్ల పోటీ ఒకటి పెట్టండి. ఎన్.సి.సి. నేవల్ విభాగం కేడెట్లు ఈ ముళ్లు నేర్చుకునే ఉంటారు, వాళ్లు హాస్టళ్లలో ఓ సాయంత్రం నేర్పనీండి. ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు ఒక సరంగును పిలవండి. కింద కూర్చోబెట్టి కాదు, వేదిక మీద కుర్చీ వేసి, గురువుగా పిలవండి. ఖర్చు తలకో రెండు బారల తాడు!

వెలుతురులో ఒకసారి, కళ్లు మూసుకుని పదిసార్లు వెయ్యండి. వరద వచ్చే రాత్రి కరెంటు ఉండదు మరి.