విరిగిన ఎముకకు ‘సాధారణ గాయం’ అని పేరా?

దెబ్బలు తిన్న మనిషిని ఆస్పత్రికి, అక్కడి నుండి పోలీస్ స్టేషనుకు తీసుకొనిపోవడం పదవీ విరమణ తరువాత మాకు తరచు పడుతున్న పని. నిరుడు రంజాన్‌కు ముందు మా మొహల్లాకు చెందిన ఒక తోపుడుబండి వ్యాపారి వెంట అట్లాగే వెళ్ళాము. పక్క ఊరిలో ఏడెనిమిది మంది యువకులు అతని పేరు అడిగారు, పేరు విన్న తరువాత కొట్టారు. ఆస్పత్రిలో ఎక్స్‌-రే తీయకముందే గాయ ధ్రువపత్రంలో ‘సింపుల్’ అని రాసేశారు. ఆ ఒక్క మాట చూసి స్టేషనులో, ‘ఇది మేము దర్యాప్తు చేసే నేరం కాదు, కోర్టుకు వెళ్ళండి’ అన్నారు. మూడవ రోజున వేరే చోట తీయించిన ఎక్స్‌-రేలో కుడిచేతి రెండు వేళ్ళ ఎముకలు విరిగినట్లు తేలింది.

జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన వాళ్ళము కనుక మాకొక సంగతి బాగా తెలుసు. మొదటి కాగితంలో పడిన మాటను తరువాతి పది కాగితాలూ మోసుకొని తిరుగుతాయి.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత దెబ్బలను మెట్లుగా విభజించినది. కొట్టబోతున్నట్లు చేయి ఎత్తి భయపెట్టినా నేరమే. దానికి 131వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా. నొప్పి కలిగించేలా కొడితే 115(2). దీనికి ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయమైతే 117(2), ఏడేళ్ళ వరకు జైలు. ఏది తీవ్ర గాయమో 116వ సెక్షన్ ఎనిమిది రకాలుగా చెప్పినది. కన్ను, చెవి, అవయవం కోల్పోవడం, ముఖం శాశ్వతంగా వికృతం కావడం వంటివాటితో పాటు ఎముక గాని పన్ను గాని విరగడమూ, కీలు తప్పడమూ అందులో ఉన్నవి. పన్ను విరిగినా తీవ్ర గాయమేనన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? 115(2)కూ 117(2)కూ మధ్యనున్న తేడా ఆరేళ్ళ శిక్ష ఒక్కటే కాదు. మొదటిదానిలో మేజిస్ట్రేటు ఆజ్ఞ లేనిదే పోలీసు దర్యాప్తు చేయరాదు, రెండవదానిలో ఎఫ్‌.ఐ.ఆర్‌. రాసి తీరవలె. కేసు బతకడమో చావడమో ఆ ధ్రువపత్రం మీదనే ఆధారపడి ఉన్నది.

ఎనిమిదవ రకం మరీ చిక్కైనది. ప్రాణాపాయం కలిగించిన గాయంతో పాటు, పదిహేను రోజులు తీవ్ర బాధలో ఉంచినది, లేదా రోజువారీ పని చేసుకోలేకుండా చేసినది కూడా తీవ్ర గాయమే. 1860 నాటి శిక్షాస్మృతిలో ఇది ఇరవై రోజులు, ఇప్పుడు ఐదు రోజులు తగ్గించారు. సంతోషమే. కాని పని చేయలేకపోయానని ఎట్లా రుజువు చేయవలె? మావంటి గుమాస్తాకైతే మెడికల్ లీవు దరఖాస్తు, హాజరు పట్టీ సాక్ష్యం చెబుతాయి. తోపుడుబండికి హాజరు పట్టీ ఎక్కడిది? దెబ్బ తిన్న నాలుగవ రోజుననే నొప్పితో బండి తోయక తప్పని మనిషికి చట్టం ‘నీది చిన్న గాయం’ అంటున్నది. అతని పేదరికమే ఎదుటివాడి శిక్షను తగ్గిస్తున్నది.

ఇక గుంపుదాడుల మాట. కొత్త చట్టంలో దానికి ప్రత్యేక నిబంధన వచ్చినదని చాలా చాటుకున్నారు. ఐదుగురు లేక అంతకు మించినవారు కులం, సమూహం, భాష, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో ఒకరిని చంపితే 103(2) కింద మరణశిక్ష లేదా యావజ్జీవం. ఆ మనిషి చావక ఎముకలు విరిగి బతికితే? 117(4) కింద ఏడేళ్ళ వరకు. పొలం గట్టు తగాదాలో చేయి విరగ్గొట్టినవాడికీ ఏడేళ్ళ వరకే. ఇక మన పేరు విని కొట్టిన ద్వేషానికి శిక్షా కాలంలో కలిసినదేమిటి? గుంపులో ప్రతి ఒక్కరూ దోషియే అన్నారు, ఆ మేలును కాదనము. కాని ఆ జాబితాలో ‘మతం’ అన్న మాటే లేదు. సాధారణ గాయానికైతే అటువంటి ఉపవిభాగమే లేదు. అందుకే ఆ ‘సింపుల్’ అన్న మాట గుంపును కూడా కాగితం మీద నుండి చెరిపివేస్తున్నది.

మన పెద్దలతోనూ మాకు పేచీ ఉన్నది. రాత్రికి రాత్రే పంచాయితీ పెట్టి, మందుల ఖర్చు ఇప్పించి, ‘సబర్ చేయి బేటా’ అని ఫిర్యాదు వెనక్కు తీయిస్తున్నారు. 115(2) బాధితుడే రాజీ చేసుకోదగిన నేరం, ఆ సంగతి ఎదుటివారికి మనకంటె బాగా తెలుసు. సబర్ అంటే ఓర్చుకొని నిలబడడం, ఫిర్యాదు చింపివేయడం కాదు.

చేయవలసినది పెద్ద విద్య కాదు. ఎక్స్‌-రే వచ్చేవరకు అభిప్రాయం నిలిపి ఉంచమని డాక్టరును అడగవలె. ఎన్ని పళ్ళు కదిలినవో, ఎక్కడెక్కడ వాపు ఉన్నదో రాయించవలె. తరువాత ఎముక విరిగినట్లు తేలితే సెక్షన్ మార్పు మెమో కోసం లిఖితపూర్వకంగా కోరవలె. స్టేషనులో తీసుకోకపోతే నాగరిక సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీకి పంపవలె, అక్కడా కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేటు వద్దకు పోవలె. దర్యాప్తు చేయదగిన నేరమని ఫిర్యాదులో కనబడితే ఎఫ్‌.ఐ.ఆర్‌. తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితకుమారి కేసులో చెప్పినది. గుంపుదాడుల విషయంలో ప్రతి జిల్లాకు ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని పెట్టమని 2018లో తెహసీన్ పూనావాలా కేసులో ఆదేశించినది. మీ జిల్లాలో ఆ అధికారి ఎవరో జమాత్ పెద్దలు ఎన్నడైనా అడిగారా?

మా వ్యాపారి విషయంలో ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపిన అర్జీకి జవాబు రాలేదు. 117(4) కింద నమోదు చేయించమని మేజిస్ట్రేటు కోర్టులో వేసినాము. వాయిదా వచ్చే నెలలో ఉన్నది. చదువుకున్న యువకులు ఇద్దరు ముగ్గురు తోడు వస్తే ఈ కాగితాల పని వారికి నేర్పగలము.